అందరినీ మోకాళ్ళ మీద కూచోబెట్టినావిడ

మొన్న మార్చిలో వాన్ అనే ఊళ్ళో ఒక బాంక్వెట్ హాల్లో తెలుగువాళ్ళు మహిళా దినోత్సవం చేశారు. మా పాప డాన్సు ఉందని వెళ్ళాం. పిల్లల డాన్సులు అయ్యాక, పెద్దవాళ్ళ పాటలు అయ్యాక, సమోసాలు చల్లారిపోయాక, ముఖ్య అతిథిని వేదిక మీదకు పిలిచారు. పట్టుచీర మీద నల్ల లెదర్ జాకెట్ వేసుకుని, ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో లేసులు పట్టి వేలాడేసిన చక్రాల బూట్లతో ఆవిడ వచ్చింది. వెనక తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: ‘పడితేనేం, లేద్దాం!’

నేను కుర్చీలో కొంచెం కిందికి జారాను.

“పడటం తప్పు కాదమ్మా, పడి ఉండటం తప్పు,” అని మొదలుపెట్టింది ఆవిడ. హాలంతా చప్పట్లు. ఆ మాట నేను మేముండే కిచెనర్‌లో ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

“మామ్, డూ యూ నో హర్?” అంది పక్కనుంచి పాప.

“తెలుసు.”

“ఈజ్ షీ నైస్?”

ఇంటికెళ్ళాక చెప్తానన్నాను. దారిలో కారులో తొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పదగినంత చెప్పాను. పిల్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడే అని అందరికీ తెలిసిపోతుంది, తెలిసిపోతే అందరికంటే ఎక్కువ సంతోషించేది ఆవిడే.

మేమిద్దరం ఒకే క్లబ్బులో రోలర్ డెర్బీ ఆడాం. తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తాను. కోడిగుడ్డు ఆకారంలో గీసిన బాట మీద రెండు జట్ల ఆడవాళ్ళు చక్రాల బూట్లతో తిరుగుతారు. ఒక్కో జట్టులో ఒకామె హెల్మెట్ మీద నక్షత్రం గుర్తు ఉంటుంది, ఆమెను జామర్ అంటారు. ఎదుటి జట్టువాళ్ళను దాటుకుంటూ పోతే ఆమెకు పాయింట్లు. మిగతావాళ్ళు భుజం భుజం కలిపి గోడలా నిలబడి ఆమెను ఆపాలి. తుంటితో గుద్దచ్చు, భుజంతో గుద్దచ్చు. మోచేతులు ఆడించకూడదు, వెనకనుంచి వీపు మీద తొయ్యకూడదు. వీడియో కాల్‌లో ఇదంతా వివరిస్తే మా అమ్మ, “కబడ్డీకి చక్రాలు కట్టారన్నమాట,” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ ఆటలో ఒక మంచి ఆచారం ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే రిఫరీ విజిల్ ఊదుతుంది. ఎక్కడివాళ్ళు అక్కడే ఆగి ఒక మోకాలు నేలకు ఆనించి కూచుంటారు. పడినామెను చూడవలసినవాళ్ళు చూస్తారు, ఆమె లేచేదాకా మిగతా ఎవరూ కదలరు. లేచాక అందరూ చప్పట్లు కొడతారు.

ఆవిడకు ఆట కంటే ఈ ఆచారం బాగా నచ్చింది.

ఆవిడ జట్టు గెలుస్తున్నంతసేపూ ఆవిడకేమీ కాదు. రెండు పాయింట్లు వెనకబడితే ముఖం బిగుస్తుంది. నాలుగు వెనకబడితే మోకాలి మీద చెయ్యి పడుతుంది. ఇంక గెలవలేం అని తేలిపోగానే ఆవిడ పడుతుంది. ఆ పడటంలో ఒక పద్ధతి ఉండేది. ముందు చెయ్యి పైకి లేస్తుంది, తర్వాత ‘హా’ అని చిన్న కేక, ఆ తర్వాత ఒక పక్కకు వాలి, బాట మధ్యలో, ప్రేక్షకులు ఉన్న వైపు ముఖం వచ్చేలా పడుకుంటుంది. విజిల్ మోగుతుంది. మేమంతా మోకాళ్ళ మీద కూచుంటాం. నర్సులు, టీచర్లు, ఒక లాయరు, నాలాంటి సాఫ్ట్‌వేర్ టెస్టర్లు, చెమటలు కారుతున్న ఇంతమంది ఆడవాళ్ళం చుట్టూ మోకరిల్లితే మధ్యలో ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తూ ఉండేది. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూసేది. అందరూ ఉన్నారా, ఎవరైనా నీళ్ళు తాగడానికి వెళ్ళారా అని. తర్వాత ఇద్దరి భుజాల మీద చేతులేసి లేచి కుంటుకుంటూ బెంచీ దాకా వెళ్ళేది. చప్పట్లు. బెంచీ మీద కూచోగానే ఫోన్ తీసేది.

కుంటడం ఒక్కోరోజు ఎడమ కాలు, ఒక్కోరోజు కుడి కాలు.

ఆవిడది హైదరాబాద్. పెళ్ళయ్యాక టెక్సస్ వెళ్ళి, అక్కడ పదేళ్ళుండి, గ్రీన్‌కార్డు రాదని తేలాక ఈ దేశానికి వచ్చింది. ఒక కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్. నలభై దాటిన వయసు, చూస్తే అంత అనిపించదు, అనిపించలేదని ఎదుటివాళ్ళు చెప్పేదాకా వదలదు. మొదటిరోజు నేను “మీరు ఎక్కడ ఉంటారండీ?” అని అడిగితే, “గారు, అండి ఏమొద్దు రా. అక్క అను. ఆంటీ అన్నవంటే మాత్రం చంపేస్త,” అని నవ్వింది. ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు, కెమెరా ఉంటే వచ్చేది.

నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు, “నేను తెచ్చిన పిల్ల,” అనేది. నేను క్లబ్బులో చేరి అప్పటికి రెండు నెలలయింది, ఆవిడ చేరి రెండు వారాలు. ఒకసారి ఆ సంగతి గుర్తు చేశాను. “ముందు చేరినవ్ రా, కానీ నేను వచ్చినంకనే కదా ఓపెన్ అయినవ్,” అంది. 

ప్రాక్టీసుకు నా కారులోనే వచ్చేది. ఆవిడ కారు చాలా పెద్దది, కొత్తది, అందులో చెమట బట్టల సంచీ పెట్టడం ఇష్టం లేదు. నా కారులో పెట్టడానికి ఆవిడకు అభ్యంతరం ఉండేది కాదు. డెర్బీ ఆడేవాళ్ళ సంచుల కంపు గురించి ఎంత చెప్పినా తక్కువే. మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు నెలల తరబడి చెమట తాగి కుళ్ళిన క్యాబేజీ వాసన వేస్తాయి. మా ఆయన నా సంచీని గ్యారేజీ దాటి రానిచ్చేవాడు కాదు. ఆవిడ సంచీ మాత్రం మల్లెపూల సెంటు వాసన వేసేది. చాలాకాలం అది శుభ్రత అనుకున్నాను. తర్వాత తెలిసింది, చెమట పట్టేదాకా ఆవిడ ఎప్పుడూ ఆడేది కాదని. కష్టమైన డ్రిల్లు మొదలయ్యే సమయానికి ఆవిడకు ఆఫీసు కాల్ వచ్చేది.

నోరు మాత్రం ఆగేది కాదు. నాకు సలహాలిచ్చేది. “నీ స్కేటింగ్ మంచిగుంటది. కానీ నీకు ప్రెజెన్స్ లేదు.” “నువ్వు అందర్ని దాటిపోతవ్, కానీ ఎవరు దాటిండ్రో ఎవరికీ తెల్వదు.” ఒకరోజు నాకు పడటం నేర్పిస్తానంది. విశాఖలో ఆరో ఏటినుంచి స్కేటింగ్ రింకులో పడుతూ లేస్తూ పెరిగినదాన్ని నేను. నిలబడి నేర్చుకున్నాను. చెయ్యి ఎలా లేపాలో కూడా చూపించింది.

తెల్లవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు మారేది, ముక్కు మారేది, నడక కూడా మారేది. కోచ్ అరవై ఏళ్ళ మనిషి, పొడుగ్గా, వెదురుబొంగులా ఉండేది, ఎప్పుడూ చూయింగ్ గమ్ నములుతూ. ఎవరు ఏం చెప్పినా విని తల ఊపేది తప్ప నవ్వేది కాదు. ఆవిడ కోచ్ దగ్గర నిలబడి, “మా కల్చర్‌లో ఆడవాళ్ళని పరుగెత్తనివ్వరు, నేను అవన్నీ తెంచుకుని వచ్చాను,” అని ఇంగ్లిషులో చెప్పడం నా చెవులారా విన్నాను. ఆవిడ కాలేజీలో బాస్కెట్‌బాల్ కెప్టెన్. ఆవిడ నాన్నగారు ప్రతి మ్యాచికీ స్కూటరు మీద తీసుకెళ్ళేవారట. అది కూడా ఆవిడే చెప్పింది, నా కారులో, తెలుగులో.

ఇదంతా అయినా నేను ఆవిడను ఒట్టి డొల్ల మనిషి అని కొట్టిపారేసేదాన్ని, ఒక్క సాయంత్రం లేకపోతే.

వేసవికి ఐస్ కరిగించేసిన ఐస్ హాకీ అరీనాల్లో మా ప్రాక్టీసు జరిగేది. ఒకరోజు నేను ఆఫీసునుంచి నేరుగా, తొందరగా వెళ్ళాను. లోపల సగం దీపాలే వేసి ఉన్నాయి. ఆ సిమెంటు నేల మీద ఆవిడ ఒక్కతే స్కేటింగ్ చేస్తోంది. ఎవరూ లేరనుకుంది. వెనక్కి పోతూ, ఒక కాలి మీద తిరిగి, ముందుకు వంగి, మలుపు దగ్గర భుజం దించి, పిసరంత కూడా వేగం తగ్గకుండా లోపలి గీత వెంట కోసుకుపోయింది. ముఖంలో ఏ వేషమూ లేదు. పెదవి పళ్ళ కింద పెట్టుకుని, చదువుకునే పిల్లలా ఉంది. మా క్లబ్బులో అంత బాగా ఆ మలుపు తిరగగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. అంతలో నన్ను చూసింది. వెంటనే చెయ్యి మోకాలి మీదకు వెళ్ళింది. “ఇయ్యాల మస్తు నొప్పి రా,” అంది.

చేతకానివాళ్ళు నటిస్తే జాలేస్తుంది. అంత చేతనైన మనిషి నటిస్తుంటే ఏమనాలి? ఆ రోజునుంచే నాకు ఆవిడంటే చులకన పుట్టింది.

ఆ ఏడు నవంబరులో ట్రావెల్ టీమ్‌కు ట్రైఅవుట్లు, అంటే ఎంపిక పోటీలు, పెట్టారు. మామూలుగా మేము ఊళ్ళోనే మాలో మేము ఆడుకునేవాళ్ళం. ట్రావెల్ టీమ్ అంటే ఆటవా, మాంట్రియల్, సరిహద్దు దాటి అమెరికా ఊళ్ళు వెళ్ళి ఆడే జట్టు. నాకు అది కావాలి. ఎంత కావాలో మా ఆయనకు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ దేశానికి ఆయన ఉద్యోగం కోసం వచ్చాను, ఆఫీసులో ఎవరో వదిలేసిన పని చేస్తున్నాను, ఇల్లు కూడా ఆయన ఆఫీసుకు దగ్గరని కొన్నాం. నా అంతట నేను వెతుక్కుని, వెళ్ళి తలుపు కొట్టి చేరింది ఈ ఆటలోనే. పొద్దున్నే లేచి బేస్‌మెంట్‌లో గుంజీళ్ళు తీసేదాన్ని. “ఏ స్కూల్లో శిక్ష వేశారు?” అనేవాడు మా ఆయన, అంటూనే పాపకు దోసెలు పోసేవాడు.

ట్రైఅవుట్ ఆదివారం ఉదయం. చలికాలంలో మేము అద్దెకు తీసుకునే పాత గోడౌన్‌లో. రాత్రంతా మంచు పడి రోడ్లు మెత్తగా ఉన్నాయి, నెమ్మదిగా నడుపుతున్నాను. ఆవిడ పక్కసీట్లో అద్దం దించి కళ్ళకు కాటుక దిద్దుకుంటోంది.

“ఒక మాట చెప్త, ఏమనుకోవద్దు,” అంది.

“చెప్పక్కా.”

“ఆఖర్ల మనల్ని రెండు జట్లు చేసి ఆడిస్తరు కదా. నేను జామర్‌గ వస్త. నువ్వు ఎదుటి గోడల ఉన్నవనుకో, కొంచెం జరుగు. ఊకెనే జరగకు, తెలుస్తది. కొంచెం బ్యాలెన్స్ పోయినట్టు.”

నేను ముందు సరదా అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“నేనూ ట్రైఅవుట్‌కే కదక్కా వెళ్తోంది,” అన్నాను.

“నీకు ముప్పై మూడేళ్ళు. వచ్చే ఏడు ఇంకా మంచిగ ఆడ్తవ్. నాకు వచ్చే ఏడు లేదు రా. టీమ్‌ల ఉంట అని ఆఫీసుల అందరికి చెప్పిన. మనవాళ్ళం మనం, మనకు మనం చేసుకోకపోతే ఎవరు చేస్తరు?”

“అలా కుదరదక్కా.”

“కుదరదు అనకు. ఆలోచిస్త అను.”

“ఆలోచించేదేం లేదండీ,” అన్నాను. ఆవిడను మళ్ళీ అండీ అనడం అప్పుడే. ఆవిడకు అర్థమైంది. అద్దం పైకి మడిచేసి, దారి పొడుగునా మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసుకుని ఉండటం నేను చూసింది ఆ ఒక్క ప్రయాణంలోనే.

గోడౌన్‌లో చలికి ఊపిరి పొగలు కక్కుతోంది. ఒక పక్కన బల్ల వేసుకుని కోచ్, ఇంకో ఇద్దరు కూచున్నారు. వేగం చూశారు, ఆగడం చూశారు, గుద్దడం, గుద్దు కాచుకోవడం చూశారు. ఆవిడ ఆ రోజు ఒక్క ఫోన్ కాల్ కూడా ఎత్తలేదు. నిజంగా ఆడింది. చెమట పట్టింది. కాటుక కారింది. ఆ వేసవి సాయంత్రం ఒంటరిగా తిరిగిన మలుపు అందరి ముందూ తిరిగింది. నేనూ బాగానే ఆడాను. ఒంట్లో ఎక్కడా భయం లేదు. కోచ్ నమలడం ఆపి నన్ను ఒకసారి చూసింది, నాకది పతకంలా అనిపించింది.

చివర్లో మమ్మల్ని తెల్ల చొక్కాలు, నల్ల చొక్కాలుగా విడగొట్టి ఆడించారు. ఆఖరి ఆటకు ఆవిడ తెల్ల చొక్కాల జామర్. నేను నల్ల చొక్కాల గోడలో మధ్యన ఉన్నాను, నాకు అటొకరు, ఇటొకరు.

విజిల్. ఆవిడ వెనకనుంచి వచ్చి నా భుజం పక్కన తన భుజం దూర్చింది. నేను తుంటి దించి కాచుకున్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆపాను. నా చెవి దగ్గర తెలుగులో, “జరుగు రా,” అంది.  పక్కవాళ్ళకు అది మూలుగులా వినిపించి ఉంటుంది. మూడోసారి గుద్ది, “జరగమన్న కదా! నీకేం పోతది?” అంది. నేను ఇంకా కిందికి కూచున్నాను. మా గోడ ఇంచు కూడా కదల్లేదు. ఆవిడ ఊపిరి ఎగశ్వాసలా వినిపిస్తోంది.

అప్పుడు వెనకనుంచి కేక వచ్చింది. “ఆగు! ఆగు! నా మోకాలు!”

ఎన్నో నాటకాలు చూసినదాన్ని. అయినా ఆ గొంతు వేరుగా ఉంది. ఇంగ్లిషు లేదు, ‘హా’ లేదు, అమ్మ భాషలో వచ్చిన నొప్పి. మెదడు ఏమైనా అనేలోపే నా ఒళ్ళు వదులైంది. బరువంతా ఒక కాలి మీద వేసి వెనక్కి తిరిగాను, పడుతున్న మనిషిని పట్టుకుందామని.

పడుతున్న మనిషి ఎవరూ లేరు. ఆవిడ భుజం నా పక్కటెముకల్లోకి వచ్చింది. నా కాలు బాట మీదే ఉండిపోయింది, మిగతా నేను పక్కకు వెళ్ళిపోయాను. చీలమండ దగ్గర పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడు అయింది. నాకంటే ముందు నా పక్కనున్నామె కెవ్వుమంది.

విజిల్. అందరూ మోకాళ్ళ మీదకు దిగారు. చెంప సిమెంటుకు ఆనించి పడుకుని ఉన్న నాకు చుట్టూ మోకాళ్ళు కనిపించాయి, చెమటతో నల్లబడ్డ ప్యాడ్లు. గోడౌన్ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక్క జత చక్రాల చప్పుడు. నేల మీదనుంచి అది ఇంకా స్పష్టంగా వినిపించింది. ఆవిడ ఆగలేదు. అవతలి మలుపు తిరిగి, చుట్టూ వచ్చి, మోకరిల్లిన మనుషుల పక్కనుంచి, నా పక్కనుంచి, అందరినీ దాటుకుంటూ వెళ్ళి, చెయ్యి పైకెత్తింది. పాయింట్ల కోసం!

“డౌన్!” అని కోచ్ అరిచింది. ఆమె అరవగా ఎవరూ అంతకుముందు విననేలేదు. అప్పుడు ఆవిడ చుట్టూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మోకాలి మీద కూచుంది. విజిల్ వినపడలేదంది.

ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. మూడోరోజు ఇంటికి వచ్చాను. నాలుగోరోజు ఆవిడ వచ్చింది, చేతిలో బిర్యానీ ట్రేతో. “స్వయంగా చేసిన,” అంది. ట్రే మీద హోటలు స్టిక్కరు ఉంది. మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ నా మంచం అంచున కూచుని ముందు ఫోటో తీసింది. నా కట్టు కాలు, దాని మీద ఆవిడ చెయ్యి, ఆవిడ ముఖం. నా ముఖం సగం. తర్వాత ఫోన్ పక్కన పెట్టి గొంతు తగ్గించింది.

“కోచ్ నన్ను అడిగింది, ఏం అరిచినవ్ అని. ‘జాగ్రత్త’ అన్న అని చెప్పిన. కేర్‌ఫుల్ అని. నిన్ను అడిగితే నువ్వూ అదే చెప్పు. ఎందుకంటున్న అంటే, అనవసరంగ ఇష్యూ అయితది.”

“మీరు జాగ్రత్త అన్లేదు కదా.”

“అర్థం అదే కదా రా! ఆగు అంటే ఏంది? జాగ్రత్తనే.”

నా జీవితంలో ఒక మనిషిని చూసి అంత నీచం అని నేను అంతకుముందు అనుకోలేదు. కాలు విరగ్గొట్టినందుకు కాదు. ఆటలో ఎముకలు విరుగుతాయి, అది తెలిసే కడతాం బూట్లు. నేను కాలు మీద దుప్పటి లాక్కుని, “నిద్రొస్తోందండీ,” అన్నాను. ఆవిడ నా నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళింది. మా ఆయన తెచ్చిన కాఫీ తాగి మరీ వెళ్ళింది.

మర్నాడు కోచ్ వచ్చింది. పూలూ లేవు, తిండీ లేదు. కోటు విప్పకుండానే, గుమ్మం దగ్గర నిలబడి, “ముందు నన్ను మాట్లాడనివ్వు, మర్చిపోతాను,” అంది. గమ్ తీసి కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది. తర్వాత కళ్ళు మూసుకుని, గుడిలో మంత్రం అప్పజెప్పినట్టు, “ఆగూ. ఆగూ. నామో కాలూ,” అంది.

ఆ మాటలు విన్న క్షణంనుంచీ ఆమె వాటిని నోట్లోనే ఉంచుకుందట. వాటి అర్థం తెలియదు, రాసుకోవడం రాదు. ఇంటికి వెళ్తూ, పని చేసుకుంటూ అనుకుంటూనే ఉందట. “ఆమె ‘జాగ్రత్త’ అన్నానంటోంది. అయ్యుండచ్చు. నీ భాషను నేను అనుమానించను. కానీ జాగ్రత్త అని వింటే ఎవరూ వెనక్కి తిరగరు. నువ్వు తిరిగావు. ఎందుకు తిరిగావు?”

“ఆగు అంటే స్టాప్,” అన్నాను. “నా మోకాలు అంటే మై నీ.”

కోచ్ తర్వాత కుర్చీలో కూలబడి, అలసిపోయిన గొంతుతో ఒక సంగతి చెప్పింది. ఆఖరి ఆటకు మార్కులే లేవట. అప్పటికే బల్ల దగ్గర లెక్కలు ముగిశాయి. గోడౌన్ అద్దె సమయం ఇంకా కొంచెం మిగిలింది కదా, పిల్లలు ఇంకొకటి ఆడుకుంటారని విజిల్ ఊదించింది. “మీరిద్దరూ అప్పటికే జట్టులో ఉన్నారు,” అంది. “ఒకరి పేరు కింద ఇంకొకరి పేరు.” ఎవరి పేరు పైనో కూడా చెప్పింది.

నేను ఏడవలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపరేషను కుట్లు లాగేంత నవ్వు. కోచ్ నవ్వలేదు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, “నీ చోటు వచ్చే ఏడుకు అలాగే ఉంటుంది,” అంది. ఉంచింది కూడా. ఏడాది తర్వాత అదే గోడౌన్‌లో, అదే బల్ల ముందు, ప్లేటు ఉన్న కాలితో ఆడి నేను ఆ జట్టులో చేరాను. ఆటవా వెళ్ళాను, మాంట్రియల్ వెళ్ళాను, చాలాచోట్ల ఓడిపోయాను, కొన్నిచోట్ల గెలిచాను. ఆవిడను మాత్రం కోచ్ మా ఇంటికి వచ్చిన వారంలోనే క్లబ్బునుంచి పంపించేశారు. తర్వాత ఏజాక్స్ అనే ఊరికి ఇల్లు మారింది. ‘మన పిల్లే మనల్ని పట్టించింది’ అని కిచెనర్, వాటర్లూ తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చాలాకాలం చెప్పుకుందని విన్నాను. కొందరు నమ్మారు. నన్ను పేరంటాలకు పిలవడం మానేశారు, నాకు ఆదివారాలు కలిసొచ్చాయి.

అయితే ఆవిడ ఊరు వదిలే ముందు ఇంకొకసారి మా ఇంటికి వచ్చింది. క్లబ్బువాళ్ళు రావద్దని చెప్పిన రోజు మధ్యాహ్నం. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు, పాప స్కూల్లో. బెల్లు ఆగకుండా మోగుతుంటే చంకకర్రలతో ఎలాగో గుమ్మం దాకా వచ్చి తలుపు తీశాను. మెట్టు మీద మంచులో నిలబడి ఉంది. కాటుక లేదు, టోపీ లేదు. లోపలికి రమ్మనలేదు, ఆవిడా రాలేదు.

“ఏం చెప్పినవ్ నువ్వు?”

“మీరన్న మాటే చెప్పాను.”

“వాళ్ళకు తెలుగు వస్తదా? నువ్వు చెప్పకపోతే వాళ్ళకు తెలిసేదా? ఒక తెలుగుదానివై ఉండి, అక్క అని పిలిచి...” గొంతు పగిలింది. నిజంగానే పగిలింది, ఆ తేడా నాకు తెలుసు. “ఆ టీమ్ నాకు ఎంత ఇంపార్టెంటో నీకు తెల్వదు. ఇంట్ల గానీ, ఆఫీసుల గానీ, నేను ఏదీ గెలవలే. ఏదీ!”

 అరీనాలో పెదవి కొరుక్కుంటూ మలుపు తిరిగిన ముఖం అదే. ఆ ముఖానికి నిజం తెలియాలనిపించింది.

“అక్కా, ఆ ఆఖరి ఆటకు మార్కులే లేవు,” అన్నాను. “ముందే అయిపోయిందట. మీరు అప్పటికే సెలెక్ట్ అయ్యారు. ఇద్దరం అయ్యాం. ఒకరి కింద ఒకరి పేరు ఉందట.”

ఆవిడ జుట్టు మీద మంచు పడుతోంది. ఆ మాట లోపలికి దిగడం నేను చూశాను. కళ్ళు నా ముఖంమీదనుంచి నా కట్టు మీదకు వెళ్ళాయి, అక్కడ ఆగాయి, చాలాసేపు ఆగాయి. ఇప్పుడు క్షమాపణ చెప్తుందనుకున్నాను. చెప్తే ఏమనాలా అని కూడా ఆలోచించాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ముక్కు ఎగబీల్చింది. ఒక అడుగు ముందుకు వేసి తలుపు చట్రం మీద చెయ్యి వేసింది.

“పైన ఎవరి పేరు ఉంది?” అంది. “నాదా? నీదా?”

నాకు తెలుసు. చెప్పకుండానే తలుపు వేశాను. అవతలనుంచి ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.